ఇసుకతో ఎసరు

1957 జూన్ 9

గైడ్స్ క్యాంపుకి నా పేరు కూడా వచ్చింది. లుముట్ దగ్గర, సముద్రం ఒడ్డున. అక్కడ కుక్ బ్యాడ్జి టెస్ట్ ఉంటుంది. ఆరుబయట నిప్పు రాజేసి గుంపు మొత్తానికి వండాలి. బ్యాడ్జి వచ్చినవాళ్లే ఆగస్టులో మలయాకి మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చే రోజున తెలుక్ ఆన్సన్ ఊరి మైదానం పడాంగ్‌లో మెర్డెకా పరేడ్‌లో నడుస్తారని మా గైడ్స్ టీచర్ మిస్ చాకో చెప్పారు.

నాకు నడవాలని ఉంది. బడికి వెళ్లేటప్పుడు రోజూ ఎస్టేట్ గేటు దగ్గర సోదాకి చేతులెత్తి నిలబడతాను. పరేడ్‌లో చేతులు ఊపుతూ నడవొచ్చు.

మా గుంపులో కూర స్యూ లాన్ చేస్తానంది. అన్నం ఎవరు వండుతారని మిస్ అడిగారు. నేనే అన్నాను. నాకు అన్నం వండటం రాదు.

జూన్ 10

తప్పంతా నాదే కాదు. మా ఎస్టేట్‌లో రెండేళ్లుగా ఏ ఇంట్లోనూ బియ్యం లేవు. అడవిలోని కమ్యూనిస్టులకు చేరకూడదని ఆర్డరు. సెంట్రల్ కిచెన్‌లో అందరికీ ఒకేసారి వండుతారు. మేము క్యారియర్లు పట్టుకుని క్యూలో నిలబడతాం. అంతకు ముందేమో అమ్మ నన్ను పొయ్యి దగ్గరికే రానిచ్చేది కాదు, పుస్తకాలకు మసి అంటుతుందని.

నాయనమ్మను అడిగాను. బియ్యం లేకుండా వంటేటే, గాలినుడకబెడతావా అని నవ్వింది. కాసేపటికి తనే పెరట్లో మూడు రాళ్లు పెట్టి కుండ ఎక్కించింది. ఇసకుంది కదే, దాన్నెవుడూ సోదా సెయ్యడు అంది.

జూన్ 16

ఈ వారం నేర్చుకున్న మాటల్లో నాకు నచ్చింది ఎసరు. అన్నం కోసం కాగే నీళ్లు. ఇంగ్లీషులో దీనికి ఒక్క మాట లేదు, స్కూలు డిక్షనరీలో వెతికాను. బాయిలింగ్ వాటర్ అంటే టీకీ అదే, స్నానానికీ అదే.

ముందు కొబ్బరి పీచు, దాని మీద ఎండు మట్టలు. ఎసరు మరిగాక ఇసుక పోసి గరిటెతో తిప్పాలి. తర్వాత మూత వారగా పట్టుకుని వార్చాలి. మొదటిసారి వార్చినప్పుడు ఇసుకంతా కాలవలోకి పోయింది. పక్కింటి అప్పలసామి మావ కంచె మీంచి చూసి, లెచ్చుమీ, నాకూ ఓ ముద్దెట్టవే లా, కూరేటి, గులకరాళ్లా అని అడిగాడు. ఇక్కడ అందరి మాటల చివరా ఒక లా తగులుతుంది.

జూన్ 30

నాయనమ్మకు జ్వరం, పడుకుంది. ఒక్కదాన్నే చేశాను. ఎనిమిది మందికి చాలాలి కదా, కుండ అంచుకి వేలెడు కింద దాకా ఇసుక పోశాను. వార్చాను. ఒక్క రేణువు జారలేదు.

నాకు వంట వచ్చేసింది.

జూలై 20

రేపే. నిద్ర రావడం లేదు.

జూలై 22, లుముట్

ఇసుక ఉబ్బదు.

బియ్యం ఉబ్బుతాయి. ఈ సంగతి నాకు తెలియక కాదు, అన్నం మెతుకూ బియ్యపు గింజా ఒక్క సైజులో ఉండవని చిన్నపిల్లలకూ తెలుసు. ఎక్స్‌పాండ్ అనే మాట సైన్సు పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ చేతులకు తెలిసింది ఇసుక. చేతులు కొలత అడగలేదు. అంచుకి వేలెడు కింద దాకా పోసేశాయి.

ముందు మూత కదిలింది. నేను సంతోషించాను. తర్వాత మూత లేచి దొర్లిపోయింది. మా గుంపులోని జైనబ్ మలైలో అయ్యో అయ్యో అన్నట్టు అలమాక్, అలమాక్ అంటూ దాని వెంట పరుగెత్తింది. తెల్లటి నురగ గిన్నె చుట్టూ దిగి నిప్పు మీద పడింది. బుస్సుమని పొగ. నిప్పు ఆరిపోయింది. సగం అన్నం ఒడ్డు మీద ఉంది.

పొడి పీచు వెతికి మళ్లీ వెలిగించాను. వెంటనే అంటుకుంది. మిగిలింది స్యూ లాన్ రెండు గిన్నెల్లోకి తీసింది. ఒక దాంట్లో జావ అయింది, ఇంకో దాంట్లో పలుకు. రెండింట్లోనూ ఇసుక కరకరలాడింది. ఉప్పుచేపతో అందరూ తిన్నారు. నీ గుర్తుగా నా పళ్లు అరిగిపోయాయి లా అంది స్యూ లాన్.

మిస్ చాకో రెండు ముద్దలు తిని చెంచా పెట్టేశారు. తడి రాళ్ల మధ్య అంత త్వరగా నిప్పు రాజేసిన పిల్లను తను చూడలేదన్నారు.

బ్యాడ్జి నిప్పుకి ఇవ్వరు. అన్నానికి ఇస్తారు.

జూలై 25

ఇంటికి వచ్చి నాయనమ్మకు చెప్పాను. చెబుతూ ఏడ్చాను. ఆవిడ బ్యాడ్జి సంగతి అడగలేదు. ఏ దిక్కుకి పొంగినాదే అని అడిగింది.

చూడలేదన్నాను.

నాయనమ్మకు కోపం వచ్చింది. దిక్కు సూడకుండా ఏడుపేటే అంది. పాలైనా అన్నమైనా తూర్పుకి పొంగితే ఇంటికి మంచిదట. ఈ కొంపలో ఏటైనా పొంగి రెండేళ్లయినాది, పాలు కూడా డబ్బావే, అడివికి మోసుకుపోకుండా ఆ షాపోడు సిల్లు పొడిసి మరీ ఇత్తాడు అంది. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది.

నేను ఏడవడం మర్చిపోయాను.

ఆగస్టు 31

మెర్డెకా. పడాంగ్ నిండా జనం. స్యూ లాన్ రెండో వరసలో నడిచింది. పరేడ్‌లో నవ్వకూడదు కాబట్టి నన్ను చూసినా నవ్వలేదు. నేను అరిచాను. గొంతు పోయింది.

రాత్రి సెంట్రల్ కిచెన్ అన్నమే. చల్లగా.

సెప్టెంబర్ 2

గేటు దగ్గర చేతులెత్తాను.

1958 అక్టోబర్ 5

ఆర్డరు ఎత్తేశారు. ఇంట్లో బియ్యం.

నాయనమ్మ కుండ నిండా పోయమంది. నీకు మతి పోయిందా అంటే వినలేదు. పడమటి రాయి కింద కొబ్బరి చిప్ప దోపి, నువ్వు సూడనట్టుండవే అంది.

తూర్పుకి పొంగింది. నిప్పు ఆరింది.

మళ్లీ వెలిగించాను.