ఒక చక్రం ఎత్తిన లెక్క

పూజ్యులైన మావయ్యకు,

మేనకోడలు నమస్కరించి రాయునది. నేనూ, నా ఆస్పత్రిలోని పశువులూ కులాసా. కులాసాగా లేనిదల్లా మీ వియ్యంకుడి దగ్గర మీరు కొనిపెట్టిన పాత ట్రక్కే. కొండ మీది పాకల దారిలో సగం ఎక్కాక చక్రాలు గిర్రున తిరుగుతాయి గానీ బండి అంగుళం కదలదు. మూడుసార్లు వెళ్లి మూడుసార్లూ వెనక్కి వచ్చాను. పైన రెండొందల ఆవులున్నాయి. నెలాఖరులోగా రాలేకపోతే అవతలి ఊరి డాక్టరును పెట్టుకుంటామని పాడి సంఘం వాళ్లు మర్యాదగానే చెప్పారు. ఆ పని పోతే నా ఆస్పత్రి మూసుకోవాల్సిందే.

టైర్ల కొట్టాయన ముప్పై అయిదు అంగుళాల టైర్లు వేయించమంటాడు. పక్కింటి డ్రైవరు గేర్లు మార్చమంటాడు. నా దగ్గరున్నది ఏదో ఒకదానికే సరిపోతుంది. ముప్పై ఏళ్లు గేర్లతో కాపురం చేశారు, మీరే చెప్పాలి.

మీ మేనకోడలు

తా.క. మూడోసారి నన్ను కిందికి లాక్కొచ్చింది నా పేషెంటే, ఒక ఎద్దు. దాని ఫీజు వదిలేశాను.

*

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

ముందు ఆ టైర్ల కొట్టు వైపు వెళ్లకు. చక్రం పెద్దదయ్యేకొద్దీ ఇంజను ఆయాసపడుతుంది. ముప్పై అయిదు వేశావంటే గేర్లూ మార్చక తప్పదు, రెండు ఖర్చులు. అసలు వెనక ఇరుసులో ఏ గేర్లున్నాయో చూద్దాం. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వెనక జాకీ వేసి చక్రం ఎత్తు. చక్రం మీదా, ఇరుసులోకి వచ్చే పొడుగు రాడ్డు మీదా సుద్దముక్కతో గీత పెట్టు. బండి న్యూట్రల్‌లో ఉంచి చక్రాన్ని సరిగ్గా ఒక చుట్టు తిప్పు. రాడ్డు నాలుగు చుట్లు దాటితే కొండ గేర్లు. మూడున్నర లోపైతే రోడ్డు గేర్లు, మార్చాల్సిందే.

నీ మావయ్య

తా.క. ఈ లెక్క చాలామంది తప్పుతారు. నాడి పట్టి లెక్కపెట్టేదానివి, నీ విషయంలో నాకు దిగుల్లేదు.

*

మావయ్యకు నమస్కారాలు.

నేనొకసారి, మా కాంపౌండరు ఒకసారి, ఇద్దరం కలిసి ఒకసారి లెక్కపెట్టాం. మూడుసార్లూ రెండుంబావు. నెలాఖరుకి ఇంకా పన్నెండు రోజులే.

మేనకోడలు

తా.క. కాంపౌండరు అలవాటు కొద్దీ ఆ లెక్క పక్కన "జ్వరం లేదు" అని కూడా రాశాడు.

*

అమ్మాయీ,

రెండుంబావా? నా సర్వీసులో వినలేదు. అది పందేల కారు ఇరుసు. నీకు అంటగట్టారు. నీ ఉత్తరం పట్టుకుని వియ్యంకుడి ఇంటికి వెళ్లాను. కూతురి మామగారని కూడా చూడకుండా వాకిట్లోనే కడిగేశాను. ఆయన ఏదో చెప్పబోయి, నీ లెక్క చూసి నోరు మూసుకున్నాడు. తప్పు చేసినవాడి మొహం అలాగే ఉంటుంది. ఇక మా మధ్య మాటల్లేవు.

నువ్వు బెంగపెట్టుకోకు. నా జీపుదీ నీ ట్రక్కుదీ ఒకే రకం ఇరుసు. దానిలోని కొండ గేర్లు విప్పి పార్శిల్ చేశాను.

మావయ్య

తా.క. మా అమ్మాయి అత్తారింటి నుంచి రాసింది: "నాన్నా, మీ కోపం ఇంకో వారం ఉంటుందా? మావయ్యగారు రాత్రిపూట భోజనం మానేశారు, బియ్యం ఎన్ని పోయాలో తెలియడం లేదు."

*

మావయ్యకు వేల నమస్కారాలు.

ఎలా చెప్పాలో తెలియడం లేదు. పార్శిల్ తీసుకుని మెకానిక్కు దగ్గరికి వెళ్లాను. నా లెక్క విని, "ఎన్ని చక్రాలు ఎత్తారమ్మా?" అన్నాడు. ఒకటే అన్నాను. నాకున్నది ఒకటే జాకీ కదా. రెండో చక్రం నేల మీదుంటే రాడ్డు సగమే తిరుగుతుందట. రెండు చక్రాలూ ఎత్తి కలిపి తిప్పితే నాలుగున్నర. ఇరుసు విప్పి చూపించాడు. మీరు పంపినవీ లోపలున్నవీ అచ్చు ఒకటే.

బండిలో లోపం అరిగి నున్నబడ్డ టైర్లదేనట. గేర్ల ఖర్చు తప్పింది కాబట్టి పాత సైజులోనే, ముప్పై ఒక్క అంగుళాల గరుకు టైర్లు వేయించాను. నిన్న ఒక్క ఊపులో పైకెక్కాను. అడ్డం తిరిగిన దూడను బయటికి తీశాను. తల్లీ పిల్లా క్షేమం. సంఘం వాళ్లు పని నాకే ఇచ్చారు. మీ జీపు విప్పి మరీ పంపారు, ఈ మేలు మరిచిపోలేను. దయచేసి మీ వియ్యంకుడిగారితో మాట్లాడండి.

మీ మేనకోడలు

తా.క. కాంపౌండరు పాత లెక్క కొట్టేసి "కోలుకుంది" అని రాశాడు.

*

చిరంజీవి మేనకోడలికి,

తప్పు నాది. మా షెడ్డులో లిఫ్టు రెండు చక్రాల్నీ ఒకేసారి ఎత్తేది. అందుకే రెండూ ఎత్తాలని రాయడం తోచలేదు. చక్రాలు తిరుగుతున్నాయని నువ్వు రాసినప్పుడే టైర్లని అనుమానించాల్సింది.

క్షమాపణ చెప్పడానికి వెళ్లాను. వియ్యంకుడు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. అసలు సంగతి అప్పుడు బయటపడింది. నువ్వు కొండలెక్కాలని తెలిసి, అమ్మేముందు ఆయనే రోడ్డు గేర్లు తీసేసి కొండ గేర్లు వేయించాడట. దమ్మిడీ తీసుకోలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆ రోజెందుకు చెప్పలేదు బావగారూ అంటే, "డాక్టరమ్మ మూడుసార్లు లెక్కపెట్టిందంటే, నా మెకానిక్కే గేర్లు వేయకుండా వేశానన్నాడేమో అనుకున్నాను" అన్నాడు. తరవాత ఇంకో మాటన్నాడు: "మీ కేకలకు నాకు కోపం రాలేదు బావగారూ. మేనకోడలి కోసం ఇంత కేకలేసే మనిషి ఇంటి పిల్ల మా ఇంటికొచ్చిందని సంతోషపడ్డాను."

ఆయన చేతులు పట్టుకుని క్షమించమన్నాను. నువ్వు ఆయనకి రెండు ముక్కలు రాయమ్మా. నీకు మేలు చేసింది నేను కాదు.

నీ మావయ్య

తా.క. నేను "తప్పు నాది" అని రాసిన కాగితం కాపురానికొచ్చాక ఇదే మొదటిసారి చూస్తున్నానంటోంది మీ అత్తయ్య. నకలు తీయించాకే పోస్టులో వెయ్యనిస్తుందట. అందుకే ఈ ఉత్తరం రెండు రోజులు ఆలస్యం.