దీపాలు పెట్టే వేళ

తమ్ముడూ,

నీ సెల్‌ఫోనుకు ఎప్పుడు చేసినా నీ పి.ఏ.నే ఎత్తుతున్నాడు. అందుకే రాస్తున్నాను. కవరు మీద ఎమ్మెల్యేగారని రాశాను గానీ, లోపల నువ్వు నా తమ్ముడివే.

మన ఊరి ఆస్పత్రికి జనం రావడం లేదని, దాన్ని పొదిలి రోడ్డు మీదికి మారుస్తున్నావని తెలిసింది. మొన్న నువ్వు పదకొండింటికి వచ్చి చూసినప్పుడు బల్లలు ఖాళీగానే ఉన్నాయి, నిజమే. కానీ ఇవి మిరపకోతల రోజులని మరిచావా? తెల్లారకముందే ట్రాక్టరెక్కిన ఆడవాళ్లు దీపాలు పెట్టే వేళకు గానీ ఇళ్లకు చేరడం లేదు. ఆస్పత్రికేమో మధ్యాహ్నమే తాళం పడుతోంది.

నిన్న సాయంత్రం మౌలాబీ జ్వరంతో వణుకుతున్న కూతుర్ని ఎత్తుకొచ్చి ఆ తాళం ముందు కూర్చుంది. పొద్దున రాకపోయావా అని అడిగాను.

"పొద్దున ఇక్కడ కూర్చుంటే మేస్త్రి రేపట్నించి కోతకి రావొద్దంటాడు గదక్కా" అంది.

రోడ్డు మీదికి మార్చినా అక్కడి బల్లలూ ఖాళీగానే ఉంటాయి. ఆస్పత్రిని ఇక్కడే ఉంచి, డాక్టరుగారిని సాయంత్రం పూట కూర్చోబెట్టు.

అమ్మ వైద్యం అందక ఎడ్లబండిలోనే పోయిందని ప్రతి సభలో చెప్పి కళ్లు తుడుచుకుంటావు. అమ్మకు నొప్పి ఎప్పుడొచ్చిందో గుర్తుందా? కోత నుంచి వచ్చి, చేతుల కారం కడుక్కోకముందే గడపలో కూలబడింది. అదీ దీపాలు పెట్టే వేళే.

ఆస్పత్రి వేళ మార్చేదాకా సభల్లో అమ్మ మాట ఎత్తకు.

నీ అక్క