ఎర్ర బల్బు కింద తెల్లరాయి

మే 4, 1988

పొద్దున్నే బావ మా ఫోటో స్టూడియోకు వచ్చాడు. చేతిలో పాత పేపరు పొట్లం. వాళ్ల బావిలో పూడిక తీయిస్తుంటే అడుగు బురదలో ఎద్దు ఎముకలు దొరికాయట, వాటిని పట్టుకుని నీలం పలుకులు. సిరా ఒలికినంత నీలం! అక్క పంపించింది. సూర్యాపేటలో ఉంటాను కాబట్టి నాకు అన్నీ తెలుసని దాని నమ్మకం.

"పైకి తీసినప్పుడు తెల్లగుండెనంట మరదలా. గట్టు మీద పెట్టి బీడీ తాగొచ్చేలోపల నీలమైనయంట. పూడిక తీసేటోళ్లు జెప్తున్రు. తాగి జెప్తున్రో ఏమో."

బావ నవ్వాడు. నేను నవ్వలేదు. వెలుతురు తగిలితే రంగు మారేది... డార్క్ రూంలో రోజూ నా చేతుల్లో ఉండేది అదే కదా. బ్రోమైడ్ పేపరు! రాయి కూడా అట్లా చేస్తుందా?

పప్పు మాడింది. మాడనీ.

మే 5

గోటితో గీస్తే గీత పడుతోంది. రాయికి ఇంత మెత్తదనమా! పలుచని పొర ఒకటి లేచి, విరగకుండా వంగింది. గ్లాసు నీళ్లలో వేశాను. సాయంత్రం దాకా కరగలేదు, నీళ్లు తేటగానే ఉన్నాయి. మా ఆయనకు చూపిస్తే "పెళ్లి ఆల్బం ఎప్పుడిస్తవ్?" అన్నాడు. ఆ పెళ్లికొడుకు ముఖం కంటే ఈ రాయే నయం.

మే 7

అక్క దూడ చచ్చిపోయింది. బావి దగ్గర తొట్టిలో నీళ్లు తాగిందట, తెల్లారేసరికి లేదు. బావ మళ్లీ వచ్చి చెప్పాడు.

ఆ నీలం రాయి మైలుతుత్తమే, విషమే అంటోందట అక్క. బత్తాయి చెట్లకు కొట్టే మందులో తన చేత్తోనే కలుపుతుంది, ఆ నీలం తనకు తెలియదా అని. బావి పూడ్చేదాకా ఊరుకునేట్టు లేదు. బావ మొరం ట్రాక్టరుకు కూడా చెప్పేశాడు, పదహారున వస్తుంది. వాడకట్టుకంతా ఆ బావి నీళ్లే. పూడిస్తే ఈ ఎండల్లో కాలువ దాకా బిందెలు మోయాలి. మోకాళ్ల నొప్పులతో అక్క కూడా మోయాలి.

భయంగా ఉంది. లోపల సంతోషం కూడా ఉంది, నీళ్లలో కరగని ఆ రాయి మైలుతుత్తం కాదని నాకు తెలుసు కాబట్టి. దూడ చచ్చిన రోజు సంతోషమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. తగ్గలేదు.

మే 9

కోదాడ. జియాలజీ లెక్చరరు గారి ఇల్లు. ఆయన పెళ్లి ఫోటోలు కడిగింది నేనే, ఆ చనువుతో వెళ్లాను. పొట్లం విప్పగానే కుర్చీలోంచి లేచారు.

"ఎక్కడిదమ్మా ఇది?"

వివియనైట్ అయి ఉండొచ్చట. ఎముకలోని భాస్వరం, మట్టిలోని ఇనుము, గాలి ఆడని తడి బురద... ఇవన్నీ ఒక్కచోట పడితే తప్ప పుట్టదట. ఈ చుట్టుపక్కల ఆయన ఎప్పుడూ చూడలేదు. "చీకట్లో ఉన్నంతకాలం గాజుముక్కలా ఉంటదంటారు. నేనూ చదవడమే కానీ చూసింది లేదు."

విషమా అని అడిగాను.

"ఈ రాయి వల్ల దూడ చావదండీ. కానీ నీలం ముక్క చూసి ఇది అదేనని రాసివ్వలేను. తెల్లది తెండి, హైదరాబాద్ పంపిద్దాం. బావి నీళ్లు కూడా ఒక సీసాలో పంపండి. రాయి వేరు, నీళ్లు వేరు."

వచ్చేటప్పుడు బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయాను.

మే 11

దామరచర్లలో దిగి అక్క ఊరికి నడక. వెంట ఛేంజింగ్ బ్యాగు, చేతులు లోపలికి దూర్చి చీకట్లో ఫిల్ము ఎక్కించుకునే నల్ల సంచి. ఎముక ఉన్న బురద ముద్దను పగలకుండా పైకి పంపమన్నాను, ముద్ద ముద్దగానే సంచిలో వేసుకున్నాను. పూడిక తీసేవాళ్లు నాకు దయ్యం పట్టిందనుకున్నారు. పడితే పట్టింది!

కొట్టంలో బర్రె ఒకటే అరుపు. అక్క నా వైపు చూడనైనా చూడలేదు. "నీకు రాయి గావాలె. తీస్కపో, అంత తీస్కపో" అంది. సీసాలో నీళ్లు పట్టుకుని వచ్చేశాను.

మే 12

చూశాను!!

తలుపు బిగించి, బ్రోమైడ్ పేపరును మార్చని ఎర్ర బల్బు కింద ముద్ద పగలగొట్టాను. ఎముక బోలులో రెండు పలుకులు. అద్దం! పక్కనే పెట్టుకున్న పాత నీలం ముక్క ఆ వెలుతురులో బొగ్గులా ఉంది, ఇవి మాత్రం మెరుస్తున్నాయి. భూమి లోపల ఎన్నేళ్ల నుంచి ఇట్లా ఉన్నాయో... ఏడుపొచ్చింది. బయట ఈయన తలుపు కొడుతున్నాడు, ఎవరో పాస్‌పోర్ట్ ఫోటోకు వచ్చారని.

సాయంత్రం.

అతి తెలివికి పోయాను. ఫోటోను హైపోలో వేస్తే ఇక వెలుతురుకు మారదు కదా, రాయి మాత్రం ఎందుకు మారుతుంది అనుకుని ఒక పలుకును హైపో ట్రేలో వేశాను. బాగా నాననిచ్చి, కడిగి, బయటికి తెచ్చాను. ఈయన గడ్డం గీసుకునేలోగా నీలమెక్కింది! పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను, తర్వాత తల బాదుకున్నాను. ఇక మిగిలింది ఒక్కటి. నల్ల కవర్లో ఉంది.

మే 13

నీళ్ల సీసా కోదాడ బస్సులో పంపాను. పక్క మెడికల్ షాపుకు లెక్చరరు గారి ఫోను. నీళ్ల రిపోర్టుకు టైము పడుతుందట. "సోమవారం నేనే వస్తా. అప్పటిదాకా ఆ కవరు విప్పొద్దు. పత్రికకు రాసేటప్పుడు దొరికిన చోటు కింద మీ పేరు కూడా రాస్తా."

నా పేరు. అచ్చులో!

సోమవారమంటే పదహారు. మొరం వచ్చేదీ ఆ రోజే.

మే 14

కవరు పట్టుకుని కూర్చున్నాను. అచ్చులో పేరు ఎట్లా ఉంటుందో పెన్సిలుతో రాసి చూసుకున్నాను కూడా. సిగ్గేసింది.

మే 15

కబురు పెట్టి అక్కను రప్పించాను. డార్క్ రూంలో ఇద్దరం.

"ఊపిరాడతలేదే, తలుపు తియ్యి."

"జర ఆగక్కా."

కవరు విప్పి దాని అరచేతిలో పెట్టాను.

"ఇదేందే... పటికబెల్లం లెక్కుంది."

"ఇది మీ బావిల రాయే. మైలుతుత్తం గిట్ల తెల్లగుంటదా?"

పిడికిలి మూయించి వరండాలోకి తెచ్చాను. తెరిచింది. కూర్చున్నాం. కాసేపు ఏమీ లేదు. తర్వాత అంచున కొంచెం ఆకుపచ్చ, ఆ వెనకే నీలం... అక్క రాయిని పడేయలేదు. నీలం చిక్కబడేదాకా చూసింది.

"మరి నా దూడెందుకు సచ్చిందే?"

తెలియదన్నాను. నిజంగానే తెలియదు. దూడ పోయాక అక్క ఏడవడం ఇప్పుడే చూశాను. ట్రాక్టరు సంగతి అడిగితే చిల్లర లెక్కపెట్టుకుంటూ బస్సెక్కేసింది.

మే 16

లెక్చరరు గారు దిగగానే నీలం ముక్క చూపించాను. "విప్పొద్దన్నాను కదమ్మా..." అంతే అన్నారు. ఇద్దరం దామరచర్ల బస్సెక్కాం.

ఇప్పుడు బావి గట్టు మీద కూర్చుని రాస్తున్నాను. ట్రాక్టరు నిండా మొరం ఉంది, ఇంకా దింపలేదు. అక్క ఒక చేద నీళ్లు తోడి, గ్లాసు ముంచి నా పక్కన పెట్టింది.

"ముందుగాల నువ్వు తాగు. నువ్వు తాగితే ట్రాక్టర్ వాపస్ పంపుత."

"రిపోర్టు రానివ్వండమ్మా" అంటున్నారు లెక్చరరు గారు.

"అందాక ట్రాక్టరోడు ఆగుతడా సారూ?"

రాయి సంగతి నాకు తెలుసు. నీళ్ల సంగతి తెలియదు. గ్లాసులో నీళ్లు తేటగా ఉన్నాయి, అడుగున గీతలు కనిపిస్తున్నాయి. అక్క నా ముఖమే చూస్తోంది.

"ఏం రాస్తున్నవే? తాగుతవా, తాగవా?"