నా కుర్చీ మీద ఉప్పు

మెక్సికో సిటీ,
ఫిబ్రవరి 11, మంగళవారం మధ్యాహ్నం

ప్రియమైన ఎర్మీనియా అక్కకు,

నీ హసింతా ప్రేమతో రాస్తున్నది. నువ్వూ, నీ మోకాలూ కులాసా అని తలుస్తాను. ఫోన్‌లో నాకు మాట పెగలదని నీకు తెలుసు. అందుకే ఉత్తరం.

ఈ ఉదయం స్టూడియోలో నా మడత కుర్చీ మీద గుప్పెడు కల్లుప్పు కనిపించింది. చేత్తో దులిపి కూర్చున్నాను. ఒక పలుకు ఎక్కడో మిగిలిపోయినట్టుంది, ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

షూటింగ్‌కి అపశకునం తెచ్చిన మనిషిని, పనికి ఉప్పు పట్టించింది అంటారు కదా. నిన్నటి నుంచి ఆ మనిషిని నేనే.

నిన్న కొత్త సీరియల్‌కి ప్రారంభ పూజ జరిగింది. ఫాదర్ గారు కెమెరాల మీద పవిత్ర జలం చల్లి వెళ్లారు. ఆవిరి మీద ఉడికిన వేడి తామాలెలు పంచుతుండగా ప్రొడక్షన్ మేనేజర్ అబుందియో గారు ఒప్పందాల కట్టను జీపు బానెట్ మీద పెట్టారు. నీకు తెలిసిందే, దీవెన తడి ఆరకముందే సంతకాలు పెట్టాలి. ఆ పూట చదవడం దేవుణ్ణి శంకించడమట.

నేను చదివాను. నా వెనక లైట్ల నాబోర్ నిలబడి ఉన్నాడు. "ఏమ్మా మదర్ సుపీరియర్, జపం తొందరగా ముగించు, తామాలెలు చల్లారిపోతున్నాయి" అన్నాడు. అందరూ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. అయినా పేజీ తిప్పాను.

మూడో పేజీలో ఉంది, అక్కా. మేమంతా సొంతంగా పనిచేసుకునే వాళ్లమట, షూటింగ్ స్థలంలో ఏ దెబ్బ తగిలినా దాని భారం మాదేనట. నువ్వు కాస్ట్యూమ్స్ గది మెట్ల మీంచి పడ్డప్పుడు ఆస్పత్రి మంచం దగ్గరికి తెచ్చి నీకు చూపించింది ఈ మాటే. రేపు ఆహుస్కో కొండ దారిలో మొదటి షూటింగ్, గుర్రాలతో. లైట్ల కోసం అంచున మంచె కడుతున్నారు.

ఈ వాక్యం తీసేస్తేనే సంతకం పెడతానన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. "ఉప్పు పొయ్యకే తల్లీ, పుణ్యముంటుంది" అని ఎవరో అరిచారు. నాబోర్ నన్ను దాటుకుని వెళ్లి, చదవకుండానే సంతకం గీకేశాడు.

సాయంత్రం అబుందియో గారు నన్ను పక్కకు పిలిచారు. నా కాగితం మీద ఆ వాక్యాన్ని తన పెన్నుతోనే కొట్టేసి, పక్కన పొడి అక్షరాలు వేశారు. "నీకు కావలసింది నీ క్షేమమే కదమ్మా? ఇదిగో. లోకాన్ని ఉద్ధరించే పని నన్స్‌కి వదిలెయ్. ఇది మనిద్దరి మధ్యే ఉండాలి, సరేనా? రేపు సాయంత్రానికి సంతకం పెట్టి తెచ్చివ్వు" అన్నారు. నేను తల ఊపాను. ఆ ఊపు ఔననా కాదనా ఆయన అడగలేదు.

ఇది నాకు దొరికిన మొదటి పెద్ద సీరియల్. షాటుకీ షాటుకీ తేడా రాకుండా రాసిపెట్టే ఈ కంటిన్యుయిటీ పనిలో నా పేరు నిలబడాలంటే ఇదే. అలాంటిది పొద్దున రిహార్సల్‌లో హీరోయిన్ కప్పు ఏ చేత్తో పట్టుకుందో తప్పు రాశాను. నేను! దర్శకుడు నా వైపు చూశారు. లేచాను, నీళ్లు తాగాను, మళ్లీ లేచాను. నేను ఇది రాస్తున్న కాంటీన్‌లోనే, ఆ చివర లైట్ల వాళ్లు గుమిగూడి ఏదో చూస్తున్నారు. వాళ్లలో ఒకడు తలెత్తితే నేను తల దించుకుంటున్నాను. అబుందియో గారి గది తలుపు తెరిచిన చప్పుడైనప్పుడల్లా పెన్ను ఆగిపోతోంది.

సంతకం పెట్టేయమని అమ్మ అంటుంది. నువ్వేమంటావో నేను అడగను, నీ చేతికర్ర చప్పుడు ఇక్కడికి వినపడుతూనే ఉంది. ఎండపూట మోకాలికి కాపడం మానకు.

ఎప్పటికీ నీ చెల్లెలు,
హసింతా

తా.క. సంతకానికి సాయంత్రం దాకా గడువుందని రాశాను కదా. ఆ కాగితం నా దగ్గర లేదు. పొద్దున్నే, ఉప్పు చూడకముందే, మంచె ఎక్కేవాళ్లందరికీ చూపించమని నాబోర్‌కి ఇచ్చేశాను.