రాయి అయితే వాసన రాదు

నవంబర్ 3, ఆదివారం

ఆ ఉదయం గురించి పోలీసులకు చెప్పాను. ఎక్కడా రాసిపెట్టుకోలేదు. ఇప్పుడు రాస్తున్నాను, మరిచిపోతానేమోనని.

జూన్ నెల. అదీ ఆదివారమే. కరెంటు లేదు. నేను పూజ ముగించి వరండాలోకి వచ్చాను. వంటింట్లో తమ్ముడి భార్య వాసవి ఉగ్గాణికి బొరుగులు తడుపుతోంది. తమ్ముడు సాయినాథ్ మెట్ల మీద కూర్చుని బూట్లు కట్టుకుంటున్నాడు. ఒక లేసు తెగింది, ముడేసుకున్నాడు. యాభై దగ్గర పడినా రాళ్ళ పిచ్చి పోలేదని నాయన గొణిగాడు. మనకు కూడు పెట్టింది పలకరాళ్ళే గదా నాయనా అని వీడు నవ్వాడు. రెండు బజ్జీలు పొట్లం కట్టమని నన్ను అడిగాడు. నూనె కారుతుందని కవర్లో పెట్టి ఇచ్చాను. ప్రాణహిత ఒడ్డున దొరికిన, రాయిగా మారిన రాక్షసబల్లి ఎముక ముక్కలు కొన్ని సంచిలో వేసుకున్నాడు, కొత్తవి దొరికితే పోల్చుకోవడానికి. ఎప్పుడూ తోడు పోయే జునైద్‌కు ఆ రోజు వాళ్ళ ఇంట్లో నిఖా. స్కూటర్ ఎక్కి, కొండల్లోకి పోయి సాయంత్రానికి వస్తానన్నాడు.

స్కూటర్ దిగువమెట్ట దగ్గర దొరికింది. మనిషి దొరకలేదు. పోలీసులు వెతికారు, ఫారెస్టు వాళ్ళు వెతికారు. తర్వాత వానలు.

నవంబర్ 6

వాసవి సాయినాథ్ ఫోన్‌కు ఈ నెల కూడా రీచార్జ్ చేయించింది.

నవంబర్ 9, శనివారం

సంచి దొరికింది.

గిద్దలూరు అవతల ఒక వాగులో, మేకలు కాసే సుబ్బయ్య అనే ఆయనకు. లోపల జునైద్ కళ్ళద్దాల దుకాణం కార్డు ఉందట. సంచి చినిగి ఉంటే, చుట్టూ ఇసుకలో కనపడినవన్నీ ఏరి, అందులోనే వేసి, మార్కాపురం వచ్చి జునైద్‌కు ఇచ్చి పోయాడు. జునైద్ స్టేషన్‌కు తీసుకుపోయాడు. వాళ్ళు చూసి, ఇవి రాళ్ళే గదా, ఇంటికి తీసుకుపో, ఆ చోటు మాత్రం వచ్చి చూపించు అన్నారట.

జునైద్ వరండాలో పేపరు పరిచి అన్నీ పోశాడు. కంటికి లెన్స్ పెట్టుకుని ఒక్కొక్కటే చూశాడు. మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. అయినా ఆ ఎముకల పక్కనే కూర్చున్నాను. ఒక్కో ముక్కా బరువు చూసి, గోటితో తట్టి, ఇది ఫలానా చోటిది, ఇది నేనే అన్నకిచ్చినాను అంటూ ఒక వైపు పెట్టుకుంటూ పోయాడు. చివరికి ఒకటి మిగిలింది. బొటనవేలంత. ఎర్రమట్టి రంగు. ఒక కొస స్పాంజిలా చిల్లులు చిల్లులుగా ఉంది.

రాక్షసబల్లిదేనా అని అడిగాను.

"దీన్ని నేనెప్పుడూ చూడలేదక్కా. సాయన్నకు ఆడ కొత్తగా దొరికిందేమో. లేదంటే..."

తలెత్తి చూశాడు. వాసవి గుమ్మం దగ్గర నిలబడి వింటోంది.

నవంబర్ 10, ఆదివారం

త్రిపురాంతకం పోయి వచ్చాను. కార్తీకం రద్దీ. బస్సులో పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ నిలబడే ఉన్నాను.

మన పలకరాయి రాక్షసబల్లుల కంటే ఎంతో పాతది, ఈ కొండల్లో వాటి ఎముకలు దొరకవని జునైద్ ఎప్పుడూ అంటాడు. కొండ నీకు చెప్పి దాచిందా అని సాయినాథ్ ఎగతాళి చేసేవాడు.

స్వామీ, జునైద్ చదివిందంతా తప్పు కావాలి. నా తమ్ముడి మాటే నిజం కావాలి. ఆ ముక్క ఆ బల్లిదే కావాలి. ఇలాంటి మొక్కు నీ దగ్గర ఇంకెవరూ మొక్కి ఉండరు. నా బొట్టు పోయినప్పుడు నిన్ను నేనేమీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. వాసవిది ఉంచు.

ఇంతకంటే ప్రార్థన రాలేదు. శ్లోకాలు మధ్యలో మరిచిపోయాను.

నవంబర్ 11, సోమవారం, మధ్యాహ్నం

తెలుసుకునే దారి ఒకటుందని జునైద్ పొద్దున వచ్చి చెప్పాడు. సూది ఎర్రగా కాల్చి ఆనించాలట. లక్షల ఏళ్ళకు రాయిగా మారిన ఎముక అయితే వాసన రాదు. ఈ మధ్యదైతే వెంట్రుక కాలిన వాసన వస్తుంది.

నాయన నిద్రపోతున్నాడు. వాసవి మా పలకల షాపులో ఉంది. జునైద్ సూది పట్టుకున్నాడు, స్టవ్ వెలిగించాడు, మళ్ళీ ఆర్పేశాడు.

"నా చేత గాదక్కా. అన్నకు కాలుతాదేమో అనిపిస్తాంది."

సూది నేను తీసుకున్నాను. మా ఇళ్ళలో ఆడవాళ్ళు చితికి నిప్పు పెట్టరు.

ముందు ప్రాణహిత ముక్కకు ఆనించాను. ఏమీ లేదు. వేడి మట్టి వాసన, అంతే. సూది మళ్ళీ కాల్చి రెండోదానికి ఆనించాను.

సన్నగా పొగ వచ్చింది. జునైద్ మొహం తిప్పుకున్నాడు.

"మేకదైనా కావచ్చక్కా. దుప్పిదైనా కావచ్చు."

కావచ్చు అన్నాను.

పోలీసులకు ఇద్దాం, మీ రక్తం తీసుకుని పోల్చి చూస్తారు, అప్పటిదాకా ఇంట్లో చెప్పొద్దు అన్నాడు. కిటికీలు తెరిచి పోయాడు.

వాసవి అన్నానికి వచ్చింది. గడప దగ్గరే ఆగింది.

"ఏంది వదినా మాడింది?"

పాలు అన్నాను.

నవంబర్ 11, రాత్రి

సాయంత్రం అందరం కూర్చున్నాం. ఆ ముక్క దేనిదో తెలియడం లేదనే జునైద్ చెప్పాడు. రేపు దాన్ని పోలీసులకు ఇవ్వాలన్నాడు నాయన. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరూ పోయాడనే మాట అనకూడదు. వాసవి బొట్టు తీయకూడదు. అందరం సరే అన్నాం. నేనూ అన్నాను.

అప్పటికే నేను మైలకు తల మీద నీళ్ళు పోసుకుని ఉన్నాను.

వాసవి నా తడి జుట్టు వైపు చూసింది. లేచి లోపలికి పోయింది. కాసేపటికి బాత్రూంలో చెంబు చప్పుడు వినిపించింది.