మూడు వేళ్లు, ఒక పిడికిలి

జనవరి 9, గురువారం

ఈ రోజు ఒక సర్క్యులర్ టైప్ చేశాను. పదకొండు లైన్లు. మొదటి రెండు యూనిట్లు ఎప్పుడో మూతపడ్డాయి. మూడో యూనిట్‌లోనూ బొగ్గు కాల్చడం సెప్టెంబర్ 30తో ఆపేస్తారు. తర్వాత యంత్రాన్ని విప్పి తుక్కు కింద అమ్మేస్తారు. అందులో పనిచేసేవాళ్ల గురించి ఒక్క ముక్క లేదు.

నా ఉద్యోగం పవర్ ప్లాంట్ టెక్నికల్ లైబ్రరీలో. రోజుకు ఇద్దరు కూడా రారు కాబట్టి ఆఫీసు టైపింగ్ కూడా నాకే ఇస్తారు. నాకు అదే హాయి. కాగితాలు ఎదురు ప్రశ్నలు వేయవు.

నాన్న మూడో యూనిట్‌లో టర్బైన్ ఆపరేటర్. ఇరవై ఎనిమిదేళ్లుగా. రిటైర్మెంట్‌కి ఇంకా ఐదేళ్లుంది. ఆ హాల్లో పక్కమనిషి అరిచినా వినపడదు. అందుకే అక్కడివాళ్లంతా చేతులతో మాట్లాడుకుంటారు. అరచేయి పైకెత్తితే లోడ్ పెంచు. కిందికి దించితే తగ్గించు. మూడు వేళ్లు చూపించి పిడికిలి బిగిస్తే, యంత్రం నిమిషానికి మూడు వేల చుట్లు తిరుగుతోంది, అంతా సవ్యంగా ఉంది అని. ఆ భాష మా ఇంట్లోకీ వచ్చేసింది. పరీక్ష పాసైతే మూడు వేళ్లు, పిడికిలి. జ్వరం తగ్గితే అదే. వంట అయిందా అంటే అమ్మ వంటింట్లోంచి అదే చూపిస్తుంది.

సాయంత్రం నాన్న వచ్చి, ఆఫీసులో ఎలా ఉంది అన్నట్టు గడ్డం ఎగరేశారు. మూడు వేళ్లు చూపించి పిడికిలి బిగించాను.

చేతులతో అబద్ధమాడటం ఇదే మొదటిసారి.

జనవరి 10

ఈ రోజు కూడా చెప్పలేదు.

జనవరి 13, సోమవారం

సర్క్యులర్ నోటీసు బోర్డుకెక్కింది. అందరూ కింది సంతకం చూశారు. నాన్న ఫుల్‌స్టాప్ తర్వాత రెండు స్పేసులు చూశారు. కాన్వెంట్‌లో టైపింగ్ నేర్పిన సిస్టర్ స్కేలు చేత్తో పట్టుకుని చేయించిన అలవాటు. ప్లాంట్ మొత్తంలో అలా కొట్టేది నేనొక్కదాన్నే.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా అడిగారు, నీకు ముందే తెలుసు కదూ అని. తలూపాను. పోనీలే, తప్పుల్లేకుండా కొట్టావు అన్నారు.

కోప్పడి ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి 2, ఆదివారం

బాబాయ్ వచ్చాడు. నాన్నకి సొంత తమ్ముడు, సోలార్ కంపెనీలో సూపర్‌వైజర్. నాన్న అతన్ని అద్దాలవాడు అంటారు. అతను నాన్నని బొగ్గు మహారాజు అంటాడు. ఎదురెదురుగా కూర్చుని ఇద్దరూ అమ్మతోనే మాట్లాడారు. వదినా, మహారాజుకి చెప్పు, మధ్యాహ్నం మా కరెంటు వీళ్ల బొగ్గు ఖర్చులో సగానికే వస్తుంటే వీళ్ల దగ్గర ఎవరు కొంటారు అన్నాడు బాబాయ్. పొద్దుగూకాక ఆ అద్దాల్లో తల దువ్వుకోమను అన్నారు నాన్న. మీ ఇద్దరికీ కలిపి ఒక మీటరు పెట్టిస్తే ఇంటి బిల్లు తప్పేది అంది అమ్మ.

నిజానికి నాన్న బాధ బొగ్గు గురించి కాదు. ఎండెక్కగానే లోడ్ సగానికి దించమంటారు. ఎండ తగ్గగానే నిండుగా పెంచమంటారు. రోజూ ఇదే వరస. ముసలామెను మేడ మెట్లు ఎక్కించి దించుతున్నట్టుంది అని నాతో విడిగా అన్నారు.

గేటు దాకా సాగనంపితే బాబాయ్ గొంతు తగ్గించాడు. అమ్మడూ, మీ నాన్నతో అనకు, మా సోలార్ పలకల్లో తిరిగేదేమీ లేదు, బరువు లేదు. పెద్ద యంత్రాలు ఒక్కొక్కటీ ఆగిపోతుంటే గ్రిడ్‌లో వోల్టేజీ గంతులేస్తోంది. అప్పుడు ముందుగా మమ్మల్నే ఆపమంటున్నారు. నడినెత్తిన ఎండ పెట్టుకుని ఖాళీగా కూర్చుంటున్నాం అన్నాడు.

తిరిగేదేమీ లేదు. బరువు లేదు. చాలాసేపు అదే అనుకుంటూ ఉన్నాను.

ఫిబ్రవరి 19, మధ్యాహ్నం 3.15

దొరికింది!

మూడో బీరువా, కింది అర. నాలుగేళ్లుగా ఎవరూ కవరు విప్పని జర్నల్. టర్బైన్‌నీ జనరేటర్‌నీ కలిపే కప్లింగ్ తీసేస్తారు. బొగ్గు అక్కర్లేదు, ఆవిరి అక్కర్లేదు. జనరేటర్‌ని ఒక మోటార్‌తో స్పీడుకి తెచ్చి గ్రిడ్‌కి కలిపితే, ఆ తర్వాత గ్రిడ్డే దాన్ని తిప్పుతుంది. అది కరెంటు పుట్టించదు. ఊరికే తిరుగుతుంది. ఆ తిరిగే బరువే గ్రిడ్‌ని తూలిపోకుండా పట్టుకుంటుంది. చుట్టూ ఎన్ని సోలార్ పలకలైనా పెట్టుకోవచ్చు. కొన్ని దేశాల్లో మూతపడ్డ ప్లాంట్లలో ఇలా చేశారు. మూడు షిఫ్టులూ మనుషులు కావాలి. జనరేటర్ తెలిసిన మనుషులు.

రాత్రి భోజనాల దగ్గర నాన్నకి చెప్పాను. నవ్వేశారు. పనేమీ చేయకుండా ఊరికే తిరగడానికి మా యూనియన్ సెక్రటరీ ఉన్నాడుగా, ఇంకో యంత్రం ఎందుకు అన్నారు.

కానీ ఆ తర్వాత మజ్జిగ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది.

ఫిబ్రవరి 20, ఉదయం 5.40

నాన్న లేపారు. ఆ మోటార్ ఎంత సైజు? ఏ వైపు బిగిస్తారు? టర్బైన్ తీసేస్తే ఆ చివర బేరింగ్‌కి దన్ను ఏది?

తెలియదన్నాను. లైబ్రేరియన్‌వి, తెలియకపోతే ఎలా అన్నారు. ఎన్నాళ్లకో గొంతులో కాస్త హుషారు.

మార్చి 6

పాత క్యాలెండర్ షీటు వెనక నాన్న పెన్సిల్‌తో ఇరవై మూడు ప్రశ్నలు రాశారు. ఇంగ్లీషులోకి మార్చి, వ్యాసం రాసిన ఇంజనీరుకి మెయిల్ చేశాను. ఎనిమిది పేజీల జవాబు వచ్చింది. టర్బైన్ బరువు పోయాక బేరింగ్ ఏ స్పీడు దగ్గర వణుకుతుంది అన్న పదిహేడో ప్రశ్న తమకి తట్టలేదనీ, అది అడిగినాయన ఎవరనీ రాశాడు. చదివి వినిపించాను. నాన్న వినపడనట్టు మళ్లీ చదవమన్నారు.

వినపడింది. నాకు తెలుసు.

మార్చి 14

తప్పు చేశాను.

యూనిట్ మూసివేత మీద ఏప్రిల్‌లో విద్యుత్ రెగ్యులేటరీ కమిషన్ హియరింగ్ ఉంది. జనరేటర్‌ని అలా తిప్పుతూ ఉంచమని అక్కడికి ఒక అర్జీ తయారు చేశాం. నాన్నతో పాటు టర్బైన్ హాల్లో అరవై ఒక్కమంది సంతకాలు. టైప్ చేసినవాళ్ల పేరు చివర కొట్టడం మా ఆఫీసు పద్ధతి. చెయ్యి అలవాటు కొద్దీ కొట్టేసింది. అది పడింది ‘సమర్పించినవారు’ అన్న చోట.

సమర్పించినవారే స్వయంగా వచ్చి మాట్లాడాలని ఈ రోజు నోటీసు వచ్చింది. పేరు మార్చడానికి గడువు దాటిపోయింది.

నేను. మైకు ముందు. కాన్వెంట్‌లో పద్యం అప్పజెప్పమంటే నోరు పెగలక పీరియడ్ అయ్యేదాకా నిలబడ్డదాన్ని.

మార్చి 22

గేటు మీటింగులో యూనియన్ సెక్రటరీ మైకు పట్టుకున్నాడు. తండ్రి ఆవిరితో బతికాడు, కూతురు ఎండకి అమ్ముడుపోయింది అన్నాడు. ఇంకో పదేళ్లు బొగ్గే కాల్చాలి, లేదంటే సమ్మె అన్నాడు. అతను నాన్నతో ఒకే షిఫ్టులో తొమ్మిదేళ్లు పనిచేసిన మనిషి.

అమ్మ అతనికి మా ఇంట్లో ఇంక టీ లేదంది.

ఏప్రిల్ 3, గురువారం, సాయంత్రం

అంతా రాసేయాలి. రేపటికి నేనే నమ్మను.

పెద్ద హాలు. వేదిక మీద ముగ్గురు. బొగ్గు సరఫరా కాంట్రాక్టర్ల లాయరు నలభై నిమిషాలు మాట్లాడాడు. సోలార్ కంపెనీల లాయరు అంతకంటే ఐదు నిమిషాలు ఎక్కువ. ఇద్దరిలో ఎవరూ ‘మనుషులు’ అన్న మాట వాడలేదు. తర్వాత నా పేరు పిలిచారు.

మైకు దగ్గరికి వెళ్లాను. కాగితం చేతిలో ఉంది. నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. చైర్మన్ కాస్త గట్టిగా మాట్లాడమన్నారు. ఇంకోసారి అన్నారు. ఎవరో నవ్వారు. పోనీ రాసింది ఇచ్చేసి వెళ్లమ్మా అన్నారు చైర్మన్, జాలిగానే.

అప్పుడు వెనక వరసలో నాన్న లేచి నిలబడ్డారు. అరచేయి పైకెత్తారు. లోడ్ పెంచు.

పక్కన ఇంకో చెయ్యి లేచింది. ఇంకోటి. నాన్న పనిచేసే బి షిఫ్టు మొత్తం, యూనిఫాంలో, ఇరవై అరచేతులు. పెంచు. పెంచు. పెంచు.

నాకు నవ్వొచ్చింది. నవ్వుతో పాటు గొంతూ వచ్చింది.

చదివాను. సోలార్ రావాలి, అది చవక, రేపటి కరెంటు అదేనని చెప్పాను. మా యంత్రాన్ని తుక్కు చేయొద్దని చెప్పాను. పలకలకి లేని బరువు మా హాల్లో ఉందని చెప్పాను. చైర్మన్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, దాన్ని నడపడానికి ఎంతమంది కావాలి అని అడిగారు.

అది కాగితంలో లేదు. నాన్నకి అంత దూరం నుంచి వినపడదు. ఆలోచించకుండా చేతులతో అడిగేశాను, మనుషులు ఎంతమంది అని. నాన్న నాలుగు వేళ్లు, సున్నా చూపించారు. నలభై అని చెప్పబోతుంటే ఇటు పక్క ముందు వరసలోంచి ఇంకో చెయ్యి లేచింది. యూనియన్ సెక్రటరీది. ఆరు, సున్నా.

నాన్న అక్కణ్ణించి నాలుగు అన్నారు. అతను ఇక్కణ్ణించి ఆరు అన్నాడు. మీ వాళ్లు ఏం చేస్తున్నారమ్మా అని చైర్మన్ అడిగారు. ఆపరేటర్ నలభై అంటున్నారు సార్, యూనియన్ అరవై అంటోంది అన్నాను. హాలంతా నవ్వు. వేదిక మీది ముగ్గురూ కూడా.

బయట సెక్రటరీ నాన్న దగ్గరికొచ్చాడు. బేరం మొదట్లోనే నలభై అంటావేమయ్యా, నీకు బుద్ధుందా అన్నాడు. కలిసి బస్సెక్కారు.

జూన్ 27

ఆర్డర్ వచ్చింది. సెప్టెంబర్ 30తో బొగ్గు ఆగుతుంది. జనరేటర్ ఉంటుంది. ప్లాంట్ బూడిద వదిలే చెరువు ఎండిన మేర సోలార్ పలకలు. జనరేటర్‌కి యాభై రెండు పోస్టులు. నాన్న పేరు నాలుగోది. బాయిలర్ వాళ్లకి సోలార్ పనిలో ట్రైనింగ్.

బొగ్గు దించే యార్డులో డెబ్భై మంది. వాళ్ల సంగతి తర్వాత చూస్తామని ఉంది. ఆ లైన్ నాలుగుసార్లు చదివాను. వాళ్ల కోసం ఇంకో అర్జీ మొదలుపెట్టాను. ఈసారి నా పేరు కావాలనే కొట్టాను.

సెప్టెంబర్ 30, సాయంత్రం 4.00

ఆగింది. చివరి లోడ్ నాన్నే దించారు. అమ్మ మా ప్లాంట్ క్వార్టర్స్ పెరట్లో నిలబడి, ఏదో పోగొట్టుకున్నట్టుందే, ఏమిటది అంది. చప్పుడు. నేను పుట్టకముందు నుంచీ ఉన్న చప్పుడు.

ఇంట్లో అందరం ఇంకా అరుస్తూనే మాట్లాడుకుంటున్నాం.

జనవరి 21

మొదటి ట్రయల్. రెండు వేల ఆరు వందల చుట్ల దగ్గర వణుకు. ఆపేశారు. నాన్న ఇంటికొచ్చి అరచేయి అటూ ఇటూ ఆడించారు. ఇంకోసారి కూడా ఇలాగే అయితే వద్దనుకుంటారేమో అన్నారు. ట్రైనింగ్ ఇవ్వడానికి ప్లాంట్‌కొచ్చిన బాబాయ్ నాన్న పక్కనే కూర్చున్నాడు. మొదటిసారి నేరుగా మాట్లాడాడు. అన్నయ్యా, మా చేలో పలకలన్నీ నీ కోసమే ఎదురుచూస్తున్నాయి, బేరింగ్ ఇంకోసారి చూడవూ అన్నాడు.

నాన్న క్యాలెండర్ షీటు తెమ్మన్నారు. పదిహేడో ప్రశ్న మీద వేలు పెట్టారు.

ఫిబ్రవరి 9, ఉదయం 11.20

ఎండ. చిమ్నీ ఖాళీ.

చప్పుడు.

కంట్రోల్ రూమ్ అద్దం అవతల నాన్న. మూడు వేళ్లు.

పిడికిలి.