చెవినత్తల వడియాలు

1968 అక్టోబరు 9, నౌపడ

మళ్లీ వాన. ఉప్పుమళ్ల పక్క కాలవ నిండా మంచినీళ్లే, ఉప్పునీటి నాచు బతకదు. రోజూ షెడ్డుకి నాచు తెచ్చే దాలమ్మ ఖాళీ బుట్టతో వచ్చింది. "కుళ్లిపోనాది బాబూ. ఈ నెల ఇంక ఆశెట్టుకోకు" అంది.

టాంకులో అరవై రెండు చెవినత్తలున్నాయి. దక్షిణపు సముద్రం నుంచి డ్రమ్ముల్లో తెచ్చినవి. గుల్ల అచ్చం మనిషి చెవిలా ఉంటుంది. నాచు తప్ప ఏదీ ముట్టవంటారు. డిసెంబరు లోపు ఇవి పెరిగితేనే ఈ పెంపకం ట్రయల్ సాగుతుందని, లేకపోతే షెడ్డు మూసేస్తామని ఫిషరీస్ ఆఫీసరు గారి మాట.

అక్టోబరు 13

దాలమ్మ మునగాకు తెచ్చింది. "మా మేకలకి ఇదే పెడతన్నాను. పచ్చగుంటే సాలదేటి" అంది. ఎండబెట్టి పొడి చేసి, తవుడు, వేరుశనగ చెక్క కలిపి ఉండలు చేసి వేశాను. పది నిమిషాల్లో కరిగి నీళ్లు కుడితిలా అయ్యాయి.

అక్టోబరు 16

ఏడు చచ్చాయి.

అక్టోబరు 20, ఆదివారం, ఆమదాలవలస

ఒక్కరోజు లీవు. నాన్న దుకాణంలో ఉన్నారు, తలెత్తలేదు. వైశ్యుల ఇంట పుట్టి నత్తల్ని మేపుతానన్నప్పటి నుంచి, రెండేళ్లుగా ఆయన నాతో మాట్లాడరు.

ఎండ కాసింది. వదిన డాబా మీద సగ్గుబియ్యం వడియాలు పెడుతోంది. ఆ గంజి వాసనకి అక్కడే కూర్చుండిపోయాను. చిన్నప్పుడు కాకుల్ని తోలే పని నాది. సగం ఎండిన వడియాన్ని అమ్మ, పరిచిన పాత చీర మీంచి ఒలిచి నా నోట్లో పెట్టేది. పైన ఎండి, లోపల జిగురుగా ఉండేది. అమ్మ పోయి నాలుగేళ్లయినా ఆ జిగురు ఇంకా నాలుక మీద ఉంది.

ఒక ఏడాది ఆరేసిన వడియాల మీద వాన పడింది. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. తీరా చూస్తే ఒక్కటీ కరగలేదు. ఉబ్బాయంతే.

లేచి నిలబడ్డాను. అమ్మ కొలతేమిటని వదినని అడిగితే తనది కంటి అంచనాయే అంది. కింద దుకాణంలోంచి నాన్న గొంతు వచ్చింది. "సోలకి ఆరు సోలల నీళ్లు. సన్న సెగ మీద కలపాల. మీయమ్మ అలాగే సేసీది."

రెండేళ్లలో మొదటి మాట. ఆ కొలత దేనికో నేను చెప్పలేదు. చెప్పే ధైర్యం లేకపోయింది.

అక్టోబరు 24

మునగాకు, చెక్క, తవుడు సగ్గుబియ్యం గంజిలో కలిపి, రేకు మీద వడియాలు పెట్టాను. ఆకుపచ్చ వడియాలు. దాలమ్మ నవ్వి నవ్వి కూలబడింది.

అక్టోబరు 27

టాంకులో రెండు రోజులు ఉన్నా కరగలేదు. ఇవాళ పొద్దున చూస్తే అంచులన్నీ కొరికి ఉన్నాయి. వదినకి ఉత్తరం రాశాను. ఈసారి ఉన్నదంతా రాశాను.

డిసెంబరు 8

కాలిపర్స్ తో కొలిచాను. నలభై తొమ్మిది మిగిలాయి, సగటున రెండు మిల్లీమీటర్లు పెరిగాయి. ఆఫీసరు గారు మూడుసార్లు కొలిపించి, ట్రయల్ మార్చి దాకా సాగనిద్దాం అన్నారు.

డిసెంబరు 11

పాసింజరు రైల్లో నాన్న దిగారు. నా ఉత్తరం వదిన చదివి వినిపించిందట. తిట్టడానికే వచ్చారనుకున్నాను. టాంకు పక్కన గొంతుకూర్చుని, వడియం మీదికి పాకుతున్న నత్తని చాలాసేపు చూశారు. "మీయమ్మ సేతి వంట ఎంత దూరం వచ్చిందిరా" అన్నారు. తర్వాత, నా వైపు చూడకుండానే, "ఆవిడ సముద్రం సూడలేదు. తీసుకెళ్లమని ఎన్నిసార్లో అడిగింది. దుకాణం ఇడిసి రాలేనన్నాను" అన్నారు.

రాత్రికి ఉండిపొమ్మన్నాను.

డిసెంబరు 12

భావనపాడు సముద్రానికి వెళ్లాం. నాన్న పంచె ఎగ్గట్టి మోకాళ్ల లోతు దిగారు. కాసేపటికి, పక్కన ఎవరికో చోటిస్తున్నట్టు, కొంచెం జరిగి నిలబడ్డారు.